మిన్నియాపొలిస్ చలిలో సైకిల్ మీద ఆఫీసుకు: నా అనుభవం

మా ఊరు అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో ఉంది. ఇల్లు బిడె మకా స్కా చెరువు దగ్గర, ఆఫీసు డౌన్‌టౌన్‌లో. మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ బాట మీద తూర్పుకు వెళ్ళి, హయవాతా రైలు పట్టాల పక్కనున్న సైకిల్ దారి పట్టుకుంటే పోను పది కిలోమీటర్లు, రాను పది. ఎండాకాలం అరగంట చాలు. జనవరిలో నలభై నుంచి యాభై నిమిషాలు పడుతుంది. ఆ నెలలో తెల్లవారుజామున మైనస్ 12, 13 డిగ్రీలు ఇక్కడ మామూలు. మైనస్ 25 చూపించే రోజులూ ఉంటాయి.

కొత్తగా ఈ ఊరొచ్చిన తెలుగువాళ్ళు "అంత చలి ఎలా ఓర్చుకుంటారండీ?" అని అడుగుతారు. తొక్కుతుంటే ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది, చలి సంగతి అలా తీరిపోతుంది. ఓర్చుకోలేనిది తడి. బనీనుకు పట్టిన చెమట, కళ్ళద్దాల మీద ఊపిరి ఆవిరి, బూటులోకి దిగిన మంచు, బ్రేకు కేబుల్‌లో గడ్డకట్టిన నీటిచుక్క, చైను మీద ఉప్పునీళ్ళు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నేను చేసే పనుల్లో చాలా మటుకు తడి చేరకుండా చూసుకోవడానికే.

ఒంటి మీద

గుమ్మం దాటగానే హాయిగా, వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టే. మొదటి ఐదారు నిమిషాలు చలి వేయాలి. రెండో కిలోమీటరుకు అది సర్దుకుంటుంది. ముందే వెచ్చగా బయల్దేరితే నాలుగో కిలోమీటరుకు వీపు తడుస్తుంది. తర్వాత సిగ్నల్ దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు, ఆ తడి ఐసులా తగిలి వణుకు పుడుతుంది. చలికాలం సైకిల్ మానేసిన వాళ్ళలో చాలామంది దీనివల్లే మానేశారని నాకు గట్టి నమ్మకం.

ఒంటికి అంటుకునే మొదటి పొర మెరినో ఉన్నిదో పాలియెస్టర్‌దో అయ్యుండాలి. నూలు పనికిరాదు, చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. ఇండియా నుంచి థర్మల్స్ తెచ్చుకుంటే లేబుల్ చదవండి. చాలావాటిలో సగానికి పైగా కాటనే ఉంటుంది. ఇంట్లో కూర్చోవడానికి అవి బాగానే ఉంటాయి, తొక్కడానికి కాదు. రెండో పొర పల్చటి ఫ్లీసు, అంటే నూగున్న మెత్తటి సింథటిక్ గుడ్డ. పైన గాలిని ఆపే జాకెట్, చంకల కింద జిప్పులున్నది అయితే మరీ మంచిది. దూది నింపినట్టుండే బొద్దు కోటు మైనస్ 15లో కూడా నాకు ఎక్కువే.

నేను పాటించే లెక్క ఇది. 5 డిగ్రీల నుంచి 0 దాకా మొదటి పొర, దాని మీద జాకెట్. 0 నుంచి మైనస్ 10 దాకా మధ్యలో పల్చటి ఫ్లీసు. మైనస్ 10 దాటితే దళసరి ఫ్లీసు, కాళ్ళకు థర్మల్ మీద గాలి ఆపే ప్యాంటు. మైనస్ 20 దాటితే ముఖం మీద వేలెడు చర్మం కూడా బయట ఉంచను. మగవాళ్ళకు ఇంకో మాట: ముందు భాగంలో గాలి ఆపే గుడ్డ కుట్టిన లోదుస్తులు దొరుకుతాయి. సిగ్గుపడకుండా కొనుక్కోండి, అక్కడ చలి పట్టడం మామూలు బాధ కాదు.

గాలి సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆకు కదలని రోజున కూడా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే ముఖానికి 20 కిలోమీటర్ల గాలి కొట్టినట్టే. మైనస్ 10 అప్పుడు మైనస్ 18లా, మైనస్ 20 అప్పుడు దాదాపు మైనస్ 30లా తగులుతుంది. మైనస్ 28, ఆ కిందికి తగిలేటప్పుడు గుడ్డ కప్పని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. నా ప్రయాణం నలభై నిమిషాలు కాబట్టి ఈ అంకె నాకు ముఖ్యం. పొద్దున ఫోనులో ఉష్ణోగ్రతతో పాటు గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో చూస్తాను. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోసిన గాలి సాయంత్రం దాకా మారకపోతే వచ్చేటప్పుడు ముఖానికే కొడుతుంది.

తలకు మన మంకీ క్యాప్ సరిపోదు. అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది, మందం వల్ల హెల్మెట్ తల మీద కూర్చోదు. హెల్మెట్ పైకి తేలిందంటే పడినప్పుడు అది కాపాడలేదు. పల్చటి బాలక్లావా, అంటే తల, మెడ, ముఖం కప్పే బిగుతు తొడుగు వేసుకుని, హెల్మెట్ వెనక చక్రం కాస్త వదులు చేసి, గడ్డం కింద పట్టీ మళ్ళీ సరిచూసుకోవాలి.

కళ్ళద్దాలున్నవాళ్ళకు ఆవిరే పెద్ద చిక్కు. ముక్కు మీదుగా గుడ్డ కప్పితే ఊపిరి నేరుగా అద్దాల మీదికి పోతుంది. మైనస్ 15లో ఆ ఆవిరి అద్దం మీదే పొరగా గడ్డకడుతుంది, తుడిస్తే పోదు. ముక్కు దగ్గర రంధ్రమున్న బాలక్లావా, దాని పైన కళ్ళద్దాలతో కలిపి పెట్టుకునే స్కీ గాగుల్స్ వాడితే చాలావరకు సమస్య తీరుతుంది. గుడ్డ అంచు గాగుల్స్ లోపలికి దూరకూడదు. కదులుతున్నప్పుడు గాలి ఆవిరిని లాగేస్తుంది, ఆగినప్పుడే పడుతుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగగానే గాగుల్స్ ముఖానికి కాస్త ఎడంగా లాగి పట్టుకుంటాను.

చేతులు, కాళ్ళు

తొక్కేటప్పుడు మొండెం వేడెక్కినా వేళ్ళు వేడెక్కవు, అవి కదలకుండా హ్యాండిల్‌నే పట్టుకుని ఉంటాయి. మైనస్ 3 దాకా గాలి ఆపే గ్లవుజులు చాలు. మైనస్ 10 దాకా రెండేసి వేళ్ళు ఒక చోట ఉండే పీతకొండి గ్లవుజులు. ఆ కిందికి దిగితే పోగీలు. ఇవి హ్యాండిల్‌కే తొడిగే పెద్ద సంచులు, బ్రేకు, గేరు మీటలు వాటి లోపలే ఉంటాయి. పోగీల్లో పల్చటి గ్లవుజులతో మైనస్ 20లో కూడా నా చేతులకు ఇబ్బంది లేదు. వీటికి పెట్టిన డబ్బు ఒక్కనాడూ దండగ అనిపించలేదు. చెయ్యి బయటికి తీసి సైగ చేయాల్సి వస్తుంది కాబట్టి పోగీ మూతి మరీ బిగుతుగా ఉండకూడదు.

కాళ్ళ విషయంలో అందరూ చేసే తప్పు మామూలు బూటులోనే రెండు జతల మందపాటి సాక్సులు ఇరికించడం. బూటు బిగిస్తే రక్తం వేళ్ళ దాకా వెళ్ళదు, సాక్సులు పెంచిన కొద్దీ కాళ్ళు ఇంకా చల్లబడతాయి. అర సైజు పెద్ద హైకింగ్ బూట్లు, ఒకే జత ఉన్ని సాక్సులు, లోపల వేళ్ళు ఆడించేంత ఖాళీ ఉండాలి. బూటు అడుగుకు తగులుకునే క్లిప్ పెడళ్ళు వద్దు. వాటి ఇనుప కొక్కెం అరికాలి వేడిని లాగేస్తుంది, పైగా జారినప్పుడు కాలు వెంటనే కింద పెట్టనివ్వదు. వెడల్పాటి ప్లాస్టిక్ పెడళ్ళు మేలు. మైనస్ 20 రోజుల్లో పల్చటి సాక్సు, దాని మీద బ్రెడ్ ప్యాకెట్ కవరు, ఆ పైన ఉన్ని సాక్సు వేస్తాను. కవరు వల్ల పాదం చెమట ఉన్ని దాకా చేరదు. పల్చటి సాక్సు తడుస్తుంది, ఆఫీసులో దాన్ని మార్చుకుంటే సరి.

చలిదెబ్బ (ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం) గురించి కరపత్రాల్లో చర్మం ఎర్రబడుతుందని, తెల్లబడుతుందని రాస్తారు. మన ఛాయ మీద అది అంత తేలిగ్గా కనిపించదు. మచ్చ బూడిద రంగులో, మైనం పూసినట్టు ఉంటుంది, ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు నొప్పి ఆగిపోవడం. సలుపుతున్న వేలు ఉన్నట్టుండి సలపడం మానేస్తే నయమైందనుకోకండి, వెంటనే లోపలికి వెళ్ళండి. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి. రుద్దకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నా తెలియదు. ఆ తర్వాత కూడా స్పర్శ రాకపోయినా, పొక్కులు లేచినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ముఖానికి వాజిలిన్ పూస్తే గాలికి చర్మం పగలకుండా ఉంటుందేమో గానీ చలిదెబ్బను ఆపదు. దాన్ని నమ్ముకుని ముఖం తెరిచి వెళ్ళొద్దు.

సైకిల్

టైర్లతో మొదలుపెడతాను. స్టడ్ టైర్లంటే రబ్బరులో టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్న చిన్న మేకులు దిగేసినవి. టైరుకు వందా రెండు వందలు దాకా మేకులుంటాయి. ఎక్కించేటప్పుడు తోలు గ్లవుజులు వేసుకోండి, అరచెయ్యి గీరుకుపోతుంది. పక్కన ఉన్న బాణం గుర్తు ప్రకారం తిరిగే దిశ చూసుకోవాలి. ఎక్కించాక మొదటి నలభై కిలోమీటర్లు తారు రోడ్డు మీద మెల్లగా, సడన్ బ్రేకులు లేకుండా నడిపితే మేకులు రబ్బరులో గట్టిగా కూర్చుంటాయి. మొదటి రోజే ఐసు మీద విన్యాసాలు చేస్తే ఊడి రాలిపోతాయి. అందుకే నవంబరు మొదట్లోనే, మంచు పడకముందే ఎక్కిస్తాను. రెండు కొనే స్తోమత లేకపోతే ఒకటి కొని ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే ఉంటారు.

గాలి ఒత్తిడి చలికి తగ్గిపోతుంది. ఇంట్లో 20 డిగ్రీల్లో 45 పీఎస్ఐ కొట్టిన టైరు మైనస్ 20లో దాదాపు 37కు దిగుతుంది. పంచరు పడిందని కంగారు పడకండి. మంచు మీద ఆ తక్కువ గాలే పట్టు ఇస్తుంది కాబట్టి నేను దాన్ని అలాగే ఉంచుతాను.

మడ్‌గార్డులు తప్పనిసరి, కానీ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కనీసం వేలు దూరేంత సందు ఉండాలి. లేదంటే బురద మంచు అక్కడ పేరుకుని, గడ్డకట్టి చక్రాన్నే ఆపేస్తుంది.

ఇప్పుడు వెనక చక్రం దగ్గరికి వద్దాం, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. తొక్కడం ఆపినప్పుడు టిక్ టిక్ మని చప్పుడు చేసేవి చక్రం నడిమి హబ్ లోపలున్న చిన్న ఉక్కు నాలుకలు. సన్నని స్ప్రింగు వాటిని పైకి లేపి పళ్ళకు తగిలిస్తుంది, అప్పుడే పెడల్ బలం చక్రానికి అందుతుంది. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు, మైనస్ 20 దగ్గర ఆ హబ్‌లోని మామూలు గ్రీజు చిక్కబడుతుంది. స్ప్రింగుకు దాన్ని తోసే బలం చాలదు. నాలుకలు పడుకునే ఉంటాయి, పెడల్ ఉత్తినే గిర్రున తిరుగుతుంది, సైకిల్ కదలదు. లోపలికి తేమ చేరి గడ్డకట్టినా ఇదే జరుగుతుంది. ముందుజాగ్రత్తగా అక్టోబరులో హబ్ విప్పించి, పాత గ్రీజు కడిగించి, చలికి చిక్కబడని పల్చటి గ్రీజు వేయించాలి. దారిలో జరిగితే ఏదైనా భవనం లాబీలో పది నిమిషాలు ఉంచితే వదులుతుంది. అదీ కుదరకపోతే సంచిలో ఐదారు ప్లాస్టిక్ జిప్ టైలు ఉంచుకోండి. వెనక పెద్ద పళ్ళచక్రం రంధ్రాల్లోంచి దూర్చి స్పోకులకు గట్టిగా కడితే చక్రం, పెడల్ కలిసి తిరుగుతాయి. అప్పుడు తొక్కడం ఒక్క క్షణం కూడా ఆపకూడదు, ఆపితే చైను వదులై ఇరుక్కుంటుంది. నిదానంగా తొక్కుతూ బస్ స్టాప్ దాకా చేరవచ్చు. మెట్రో ట్రాన్సిట్ బస్సులకు ముందు సైకిల్ ర్యాకులుంటాయి.

బ్రేకుల్లో డిస్కువి నయం. రిమ్ము పట్టే బ్రేకులకు మంచు అంటితే మొదటి చుట్టు, రెండో చుట్టు ఏమీ పట్టదు. అందుకని కూడలికి చాలా ముందే రెండు మూడుసార్లు తేలికగా నొక్కి రిమ్ము తుడిచినట్టు చేయాలి. కేబుల్ బ్రేకులైతే సైకిల్‌ను ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. వెచ్చటి గదిలోకి తెస్తే మంచు కరిగి కేబుల్ గొట్టంలోకి దిగుతుంది, పొద్దున బయటికి తీయగానే గడ్డకట్టి మీట కదలదు. రాత్రంతా పూర్తిగా ఆరే చోటైనా ఉంచాలి, లేదా మంచే కరగని చల్లటి గరాజులోనైనా ఉంచాలి. నేను గరాజునే ఎంచుకున్నాను. తాళం రంధ్రం కిందికి ఉండేలా వేస్తే అందులో నీళ్ళు నిలవవు. గడ్డకడితే తాళంచెవికి హ్యాండ్ శానిటైజర్ రాసి దూర్చండి, అందులోని ఆల్కహాలు వదిలిస్తుంది.

చైనుకు తడి కాలానికి వాడే నూనె వేయాలి. రోడ్డు మీది ఉప్పు ఒక్క రాత్రిలో చైనును ఎర్రగా తుప్పు పట్టిస్తుంది. ఇంటికి రాగానే పాత గుడ్డతో నిమిషం పాటు తుడుస్తాను, వారానికి రెండుసార్లు నూనె వేస్తాను. ఇంత చేసినా చలికాలం చివరికి కొత్త చైను కొనాల్సిందే. అది ఖర్చులో రాసుకోండి.

దారి

డిసెంబరు మూడో వారంలో ఇక్కడ పొద్దు పొడిచేది 7:45 దాటాక, కుంకేది 4:30 ప్రాంతంలో. అంటే పోవడమూ రావడమూ చీకట్లోనే. మిన్నెసోటా చట్టం ప్రకారం ముందు 500 అడుగుల దూరానికి కనిపించే తెల్ల లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. నేను వెనక రెండు ఎర్ర లైట్లు పెడతాను, ఒకటి బురద పట్టినా రెండోది ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేలితో వాటిని తుడవడం అలవాటు చేసుకోండి. చీలమండలకు మెరిసే పట్టీలు కడితే పైకీ కిందికీ కదులుతూ డ్రైవరుకు "ఇది మనిషి" అని వెంటనే తెలుస్తుంది.

లైట్ల బ్యాటరీ చలిలో సగం సేపే రావచ్చు. చిన్న స్పేర్ లైటు కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలే చోట ఉంచుకుంటాను. ఆఫీసుకు రాగానే ఛార్జింగ్ పెట్టకూడదు. లిథియం బ్యాటరీని సున్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. గంటసేపు గదిలో ఉంచి, అప్పుడు పెట్టండి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీకీ ఇదే నియమం.

మంచు అంటే ఒక్కటే రకం కాదు. కొత్తగా పడ్డ నాలుగైదు సెంటీమీటర్ల పొడి మంచు మీద ఎవరైనా తొక్కవచ్చు. అణిగి గట్టిపడ్డది ఇంకా నయం. కార్లు పిండి చేసి, ఉప్పు కలిసి గోధుమరంగుకు తిరిగిన మంచు మాత్రం బెల్లం తురుములా ఉంటుంది. అందులో టైరు నిలవదు, అణగదు, పక్కకు పోతూనే ఉంటుంది. స్టడ్‌లు కూడా అక్కడ పనిచేయవు, ఎందుకంటే గుచ్చుకోవడానికి గట్టి నేల అందదు. గేరు తగ్గించి, సీటు మీద బరువు వెనక్కి వేసి, హ్యాండిల్ వదులుగా పట్టుకుని అది కాస్త అటూ ఇటూ పోతుంటే పోనివ్వాలి. పట్టు బిగించి సరిచేయబోతే పడతారు. లోతు ఎక్కువైతే దిగి నడిపించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బ్లాక్ ఐసు, అంటే రోడ్డు రంగులోనే ఉండి కంటికి ఆనని పల్చటి ఐసు మీద పాటించేవి మూడు: ముందు బ్రేకు ముట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, ఒళ్ళు వంచకూడదు. తొక్కడం ఆపి నేరుగా జారుకుంటూ వెళ్ళాలి. మలుపుకు ముందే వేగం తగ్గించి, సైకిల్ నిటారుగా ఉంచి పెద్ద వంపుతో తిరగాలి. ఎక్కడ ఉంటుందో ముందే ఊహించవచ్చు. వంతెనలకు కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. గ్రీన్‌వే హయవాతా అవెన్యూను దాటే మార్టిన్ సాబో వంతెన మీద నేను ఎప్పుడూ అనుమానంతోనే వెళ్తాను. గ్రీన్‌వే చాలా భాగం 1910ల్లో రైలు కోసం తవ్విన కందకంలో సాగుతుంది. అందుకే గాలి తక్కువ, కార్లు లేవు, మంచు కూడా త్వరగా ఎత్తేస్తారు. కానీ పైనున్న వీధి వంతెనల నుంచి పగలు కారిన నీళ్ళు రాత్రికి కింద నున్నటి పలకలా మారతాయి. ఆ నీడల్లోకి వెళ్ళేముందే వేగం తగ్గిస్తాను.

ఎక్కువ చలి ఉన్న రోజే ఎక్కువ జారుతుందని అనుకుంటారు. నిజానికి మైనస్ 20లో ఐసు పొడిగా, కాస్త గరుకుగా ఉంటుంది. 0 నుంచి మైనస్ 5 మధ్య దాని మీద సన్నటి నీటిపొర ఉంటుంది, అసలు ప్రమాదం అప్పుడే. మైనస్ 9 దాకా రోడ్డు మీద చల్లిన మామూలు ఉప్పు బాగా పనిచేస్తుంది, ఆ కిందికి దిగితే దాని బలం తగ్గిపోతుంది. కాబట్టి వాన పడి వెంటనే చలి దిగితే ఆ మర్నాడు నేను బస్సే ఎక్కుతాను. తొక్కకముందే, వీచే గాలికే మైనస్ 30లా తగిలే రోజూ అంతే.

కార్లతో ఇంకో జాగ్రత్త ఉంది. పొద్దున తొందరలో చాలామంది అద్దం మీద మంచు పూర్తిగా గీకరు, డ్రైవరు ముందు పళ్ళెం అంత కంత గీకి బయల్దేరతారు. పక్క అద్దాల్లోంచి వాళ్ళకు ఏమీ కనబడదు. కూడలిలో కారు ఆగినా, అద్దం శుభ్రంగా లేకపోతే అతను నన్ను చూడలేదనే లెక్క. మంచు కుప్పలు పోసిన రోజుల్లో పార్కింగు కార్లు రోడ్డు మధ్యకు జరుగుతాయి, రోడ్డు మీద లేన్ ఇరుకవుతుంది. అప్పుడు అంచున బిక్కుబిక్కుమంటూ ఒదగకుండా లేన్ మధ్యలోనే తొక్కుతాను. అంచున వెళ్తే తలుపు తగులుతుంది, లేదా కుప్పల్లో టైరు దిగుతుంది.

ఆఫీసు ఇంకో కిలోమీటరు ఉందనగా జిప్పులన్నీ తెరిచి, గేరు తగ్గించి మెల్లగా తొక్కుతాను. లోపలికి వెళ్ళాక చెమట పట్టకుండా ఉండటానికి ఇదొక్కటే మార్గం. వీపుసంచి వాడను, దాని కింద వీపు ఎప్పుడూ తడిసే ఉంటుంది. సామానంతా వెనక ర్యాకు సంచుల్లోనే. బూట్లలో కాగితం ఉండలు కుక్కి, గ్లవుజులు తిరగేసి ఆరేస్తే సాయంత్రానికి పొడిగా ఉంటాయి. ఒక జత పొడి సాక్సులు, ఒక చొక్కా డ్రాయరులో ఎప్పుడూ ఉంచుతాను.

మార్చి వచ్చిందంటే ఎండ చూసి అందరూ స్టడ్ టైర్లు విప్పేస్తారు. నేను విప్పను. మార్చిలో మధ్యాహ్నం కరిగిన నీళ్ళు తెల్లారేసరికి చక్రాల గాడులతో సహా గడ్డకట్టి రాయిలా ఉంటాయి. నాకు మేకులు ఎక్కువ అవసరమయ్యే నెల అదే. ఏప్రిల్ రెండో వారం దాటాక విప్పి, గోరువెచ్చని నీళ్ళతో ఉప్పంతా కడిగి, ఏది ముందుదో ఏది వెనకదో సుద్దతో రాసి గరాజులో ఎండ తగలని గోడకు వేలాడదీస్తాను. వెనక టైరు మేకులే ముందు అరుగుతాయి. వచ్చే నవంబరులో ఏది బాగుంటే అది ముందు చక్రానికి వెళ్తుంది.